రాక్ చకర్ కిట్: గ్యారేజీ బల్ల మీద ఆరేళ్ళు

ఆర్‌సీబీఎస్ కంపెనీ వాళ్ళ రాక్ చకర్ సుప్రీమ్ మాస్టర్ కిట్ నేను 2019 ఆగస్టులో కొన్నాను. రైఫిల్ తూటాలు ఇంట్లో సొంతంగా చేసుకోవడానికి కావలసిన సామాన్లు, అన్నీ కాకపోయినా చాలావరకు, ఒకే పెట్టెలో వస్తాయి. అప్పట్లో సుమారు 300 డాలర్లు అయింది. శాన్ ఆంటోనియోలో మా గ్యారేజీలో, వాటర్ హీటరుకు దూరంగా ఉన్న మూలలో, గోడకు బిగించిన బల్ల మీద ఉంటుంది. ఇప్పటికి దీని మీద 1,200 పైచిలుకు తూటాలు చేశాను. ప్రతి బ్యాచీ నోటు పుస్తకంలో ఎక్కి ఉంది.

ముందే ఒక మాట చెప్పాలి. ఇక్కడ టెక్సస్‌లో వేట లైసెన్సు తీసుకుని, భూమి యజమాని అనుమతితో జింకను వేటాడటం చట్టబద్ధం. సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే మాత్రం కావాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి వేట నేరం, అది అలాగే ఉండాలి. కొత్తగా వచ్చి వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ జోలికి పోయే ముందు తప్పకుండా లాయరును అడగండి. ఆ వీసాల మీద ఉన్నవాళ్ళకు తుపాకీ ఉండకూడదన్నదే ఫెడరల్ చట్టం, వేట లైసెన్సు ఉన్నవాళ్ళ లాంటి కొద్దిమందికే మినహాయింపు. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చాకే మొదటి రైఫిల్ కొన్నాను.

మాది మార్కాపురం. చిన్నప్పుడు శ్రీశైలం బస్సు దోర్నాల దాటి నల్లమలలోకి ఎక్కగానే కిటికీ పక్క సీటు కోసం తమ్ముడితో యుద్ధం జరిగేది. మలుపుల్లో చుక్కల దుప్పులు చెవులు రిక్కించి నిలబడేవి. ఇరవై ఏళ్ళ తర్వాత ఇక్కడ కెర్‌విల్ దాటి కారులో పోతుంటే, సున్నపురాయి గుట్టల మధ్య, నాగజెముడు పొదల పక్కన అవే దుప్పులు, అవే చుక్కలు. మా ఆయన కారు ఆపేదాకా నేను ఊరుకోలేదు. 1932లో వీటిని మన వైపు నుంచి టెక్సస్‌కు తెచ్చారు. ఇక్కడ యాక్సిస్ డీర్ అంటారు. కంచెలు దాటి బయటపడి ఆ కొండ ప్రాంతమంతా మందలుగా పెరిగిపోయాయి. గడ్డి ఉన్నంతకాలం గడ్డి తింటాయి, అది అయిపోతే స్థానికంగా ఉండే తెల్లతోక జింకలు బతికే ఆకుల మీద పడతాయి. పరాయి జంతువు కాబట్టి వీటికి వేట కాలమని, ఇన్నే కొట్టాలని పరిమితి లేదు. మాకు తెలిసిన ఒక రాంచి (పెద్ద పశువుల క్షేత్రం) యజమాని ఏడాదికి ఇన్ని తగ్గించాలని లెక్క వేసుకుంటాడు. నేను ఆయన దగ్గరే వేటాడతాను.

ఈ కిట్ కొనడానికి కారణం 2018 డిసెంబరులో జరిగిన ఒక పొరపాటు. ఆ నవంబరులో కాల్పుల రేంజికి వెళ్ళి ఒక కంపెనీ తూటాలతో నా .308 (తూటా కొలత) రైఫిల్ జీరో చేసుకున్నాను, అంటే గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేసుకున్నాను. వేటకు బయల్దేరే ముందు రోజు దుకాణంలో అవి లేవు. అదే బరువు గుండు (తూటా కొసన ఉండి ఎగిరి వెళ్ళే భాగం) ఉన్న వేరే రకం పెట్టె తీసుకున్నాను. బరువు ఒకటే కదా, ఏం తేడా ఉంటుందిలే అనుకున్నాను. 140 గజాల దగ్గర ఆడదుప్పి అడ్డంగా నిలబడింది. తూటా భుజం వెనక తగలాల్సింది ఇంకా వెనక్కి, కిందికి తగిలింది. చీకట్లో టార్చిలైటు పట్టుకుని, నేనూ రాంచి యజమానీ మూడు గంటలు నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం. చివరికి దొరికింది. ఆ మూడు గంటలూ అది నొప్పితోనే ఉంది, ఆ నొప్పికి కారణం నేను. మరుసటి వారం రేంజిలో ఆ కొత్త పెట్టె తూటాలు ఐదు కాల్చి చూశాను. వంద గజాల దగ్గరే మూడంగుళాలు పక్కకు, కిందికి పడుతున్నాయి. ఆ ఐదు రంధ్రాల గుంపు వెడల్పు రెండున్నర అంగుళాలు. తప్పు ఆ తూటాలది కాదు. పెట్టె మార్చి మళ్ళీ జీరో చూసుకోకుండా అడవికి వెళ్ళిన నాదే.

ప్రతి ఏడాదీ అదే గొట్టం (మందు నింపే ఇత్తడి తొడుగు), అదే మందు, అదే గుండు, అదే తూకం ఉండాలంటే దారేమిటని పక్కింటి పెద్దాయనను అడిగాను. రైల్వేలో చేసి రిటైరైన మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆయన గ్యారేజీలో నాకన్నా వయసున్న ప్రెస్ (పిడి లాగి తూటాలు చేసే యంత్రం) ఉంది. కొనే ముందు రెండు శనివారాలు తన బల్ల దగ్గర కూర్చోమన్నాడు. మొదటి శనివారం నన్ను ఏదీ ముట్టుకోనివ్వలేదు. రేడియో కట్టేశాడు, ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. బల్ల మీద ఒకే మందు డబ్బా ఉంచి మిగతావన్నీ అలమారాలో పెట్టి తాళం వేశాడు. "రెండు డబ్బాలు బల్ల మీద ఉన్న రోజు ఇక్కడి నుంచి లేచి వెళ్ళిపోమ్మా" అన్న అర్థంలో తన భాషలో చెప్పాడు. ఆరేళ్ళుగా నా బల్ల మీద రెండో డబ్బా కనబడలేదు.

ప్రెస్ సంగతికి వస్తాను. పోత ఇనుముతో చేసిన సింగిల్ స్టేజ్ ప్రెస్ ఇది. పిడి ఒకసారి కిందికి లాగితే ఒక గొట్టం మీద ఒక పనే జరుగుతుంది. నలభై గొట్టాలకు సైజింగ్ (కాల్చాక ఉబ్బిన గొట్టాన్ని మళ్ళీ అసలు కొలతకు నొక్కడం) అంతా పూర్తి చేసి, డై (అచ్చు) మార్చి, తర్వాత నలభైకీ గుండు కూర్చోబెట్టడం. నెమ్మదిగా సాగే పని. గంటకు వందల తూటాలు కావాలనుకునే పిస్తోలు వాళ్ళకు ఇది చాలదు, వాళ్ళకు ఒక్క లాగుకే అన్ని పనులూ చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్‌లున్నాయి. ఏడాదికి రెండు వందల తూటాలు చేసుకునే వేటగాళ్ళకు ఇంతకన్నా మంచిది అక్కర్లేదని నా అభిప్రాయం. ఆరేళ్ళలో కడ్డీ వదులు కాలేదు, పిడి ఊగలేదు. డై బిగించే మర ఈ రంగంలో అందరూ వాడే కొలతే కాబట్టి ఏ కంపెనీ డై అయినా సరిపోతుంది. ఒకటే షరతు: బల్ల గట్టిగా ఉండాలి. మొదట్లో నేను దీన్ని మడతబల్లకు బిగించాను. పిడి లాగినప్పుడల్లా బల్ల కూడా లేచేది, త్రాసులో ముల్లు ఆగేది కాదు. రెండంగుళాల చెక్కతో బల్ల చేయించి గోడకు బోల్టులు వేయించాకే పని కుదురుకుంది.

పేరు వెనక కథ నాకు చాలా ఇష్టం. రాక్ చక్ అంటే అమెరికా పడమటి కొండల్లో రాళ్ళ సందుల్లో ఉండే, ఉడుత కుటుంబానికి చెందిన బొద్దు జంతువు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గుండ్లు దొరక్కపోతే, కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన, కాల్చి పారేసిన చిన్న .22 గొట్టాలనే తొడుగుగా మార్చి గుండ్లు తయారుచేసే అచ్చులు చేశాడు. ఆ జంతువును వేటాడేవాళ్ళ కోసం చేసినవి కాబట్టి రాక్ చక్ బులెట్ స్వేజ్ అని పేరు పెట్టాడు. ఆర్‌సీబీఎస్ అన్న నాలుగు అక్షరాలు అవే. 1943లో మొదలైంది. పారేసిన లోహాన్ని మళ్ళీ పనికి తెచ్చే ఆలోచన నుంచి పుట్టిన కంపెనీ అన్నమాట.

కిట్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది త్రాసు. బ్యాటరీ లేదు, తెర లేదు. అడ్డకమ్మీ, ముల్లు, జరిపే తూకపు రాళ్ళు, ఒక చిన్న పళ్ళెం. పెట్టె తెరిచి దాన్ని బయటికి తీయగానే మా వీధిలో ఆచారి తాత దుకాణం కళ్ళ ముందు నిలిచింది. బడి నుంచి వచ్చేటప్పుడు ఆయన కుంపటి పక్కన కూర్చుని చూసేదాన్ని. ఉక్కపోతగా ఉన్నా, తూకం వేసేటప్పుడు ఫ్యాను ఆపించేవాడు. వాకిలి తలుపు ఓరగా వేయించేవాడు. ఒక పళ్ళెంలో బంగారం, ఇంకో పళ్ళెంలో గురివింద గింజలు. ముల్లు నిలబడేదాకా తానూ ఊపిరి తీసేవాడు కాదు, నన్నూ తీయనిచ్చేవాడు కాదు.

తుపాకీ మందును గ్రెయిన్లలో తూస్తారు. నేను ఫార్మసిస్టును కాబట్టి ఆ కొలత నాకు కొత్త కాదు, మా మందుల వాళ్ళ పాత తూకమే అది. పౌనుకు 7,000 గ్రెయిన్లు. ఇప్పుడు ఆస్పిరిన్ సీసా మీద 325 మిల్లీగ్రాములని రాసే బిళ్ళ పాత లెక్కలో 5 గ్రెయిన్లు. ఒక గురివింద గింజ సుమారు రెండు గ్రెయిన్లు తూగుతుంది. ఈ త్రాసు గ్రెయిన్‌లో పదో వంతు చూపిస్తుంది, అంటే గురివిందలో ఇరవయ్యో వంతు. ఆచారి తాత చూస్తే సంతోషించేవాడు. ఆయన లాగే నేనూ ఏసీ గాలి వచ్చే కంతను అట్టముక్కతో మూసి, గ్యారేజీ తలుపు దించి, అప్పుడే తూకం మొదలుపెడతాను. ముందు తెలిసిన బరువు పెట్టి త్రాసును పరీక్షిస్తాను, మధ్యలో ఒకసారి, చివర్లో ఇంకోసారి.

రెండో ఏడాది ఆత్రపడి వేరే చోట చవగ్గా ఒక ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. అరగంట వాడాక సున్నా దగ్గర ఉండాల్సిన అంకె తనంతట తానే జరిగేది. ఒకసారి ఏకంగా 0.3 గ్రెయిన్ల తేడా చూపించింది. పాత త్రాసు పక్కనే ఉండి, దానిమీద సరిచూసుకోబట్టి కనిపెట్టాను. ఆ సాయంత్రం నింపిన పద్దెనిమిది గొట్టాల్లోని మందునూ వెనక్కి పోసేసి మొదటి నుంచి తూచాను. మంచి ఎలక్ట్రానిక్ కాటాలు ఉన్నాయి, వాటి ధర వేరు. చవకది కొనడం కన్నా కిట్‌లో వచ్చిన త్రాసుతో నెమ్మదిగా చేసుకోవడమే మేలు.

మందు పోసే కొలతడబ్బా కూడా కిట్‌లో వచ్చింది. పిడి తిప్పితే లోపలి గదిలో పట్టినంత మందు కింద పడుతుంది. ఇది బరువును కాక పరిమాణాన్ని కొలుస్తుంది, అందుకని మందు ఆకారాన్ని బట్టి పని తీరు మారుతుంది. గుండ్రటి సన్న రేణువుల మందు ఆవాల్లా జారిపోతుంది, ప్రతిసారీ దాదాపు ఒకే తూకం. నేను వాడేది పుల్లల్లాంటి రేణువుల మందు. సన్న సేమియా ముక్కలను ఊహించుకోండి. అంచు దగ్గర ఇరుక్కుని, పిడి తిప్పితే కరకర తెగుతాయి, తూకం అటూ ఇటూ అవుతుంది. ఏ కంపెనీ కొలతడబ్బాలోనైనా అంతే. అందుకని కొంచెం తక్కువ పడేలా పెట్టుకుని, మిగతాది ట్రిక్లరుతో ఒక్కో రేణువూ రాల్చుతూ త్రాసు మీద పూర్తి చేస్తాను. ట్రిక్లర్ విడిగా కొన్నాను. చిన్న వస్తువే, దీనంత సుఖమిచ్చింది ఇంకోటి లేదు.

ఆ పుల్లల మందే ఎందుకంటే, నేను వాడే వార్‌గెట్ ఎండకూ చలికీ పెద్దగా మారదు. ఆస్ట్రేలియాలో తయారై హాడ్జ్‌డన్ పేరుతో ఇక్కడికి వస్తుంది. మా ఊళ్ళో ఆగస్టులో రేంజి బల్ల మీద వంద డిగ్రీల ఫారన్‌హీట్, జనవరి తెల్లవారుజామున రాంచిలో గడ్డి మీద మంచు. ఒకే తూటా రెండు చోట్లా ఒకే వేగంతో పోవాలి.

ఎన్ని గ్రెయిన్లు పోస్తానన్నది ఇక్కడ రాయను. అడగొద్దు. నా గొట్టంలో, నా రైఫిల్లో భద్రంగా ఉన్న కొలత మీ రైఫిల్లో ప్రమాదం కావచ్చు. .308కు ఉన్న పరిమితి చదరపు అంగుళానికి 62,000 పౌన్ల ఒత్తిడి, అది మీ చెంపకు నాలుగంగుళాల దూరంలో జరుగుతుంది. గుండు తయారీదారు, మందు తయారీదారు అచ్చేసిన పుస్తకంలో ఆ గుండుకే ఇచ్చిన తొలి కొలత దగ్గర మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పైకి వెళ్ళాలి. ప్రైమర్ (గొట్టం అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) చదునైపోయినా, రైఫిల్ బోల్టు పిడి ఎత్తడం బరువుగా అనిపించినా ఆగి వెనక్కి రావాలి. సీసం గుండుకు ఇచ్చిన కొలతను అదే బరువున్న రాగి గుండుకు వాడకూడదు. రాగి తేలిక కాబట్టి ఆ గుండు పొడుగ్గా ఉంటుంది, గొట్టంలో ఇంకా లోతుకు దిగుతుంది, ఒత్తిడి మారిపోతుంది.

రాగి గుండు ఎందుకని మా అక్క అడిగింది. మా ఇంట్లో పదమూడేళ్ళ అబ్బాయి, తొమ్మిదేళ్ళ అమ్మాయి ఉన్నారు. సీసం గుండు జంతువులో విచ్చుకున్నప్పుడు కంటికి కనబడనంత తునకలు మాంసంలోకి చెదురుతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదల ఆహార కేంద్రాలకు దానంగా వచ్చిన జింక మాంసం ప్యాకెట్లలో సీసం కనబడితే, ఆ మాంసం పారేయమని ఆరోగ్య శాఖ చెప్పింది. పిల్లల రక్తంలో సీసం ఎంత దాటితే పట్టించుకోవాలన్న అంకెను అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కు తగ్గించింది. ఇంత తెలిసిన ఫార్మసిస్టు ఇంట్లో ఆ మాంసం ఎలా వండుతాను? కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం తూటాలే నిషేధం. నేను బార్న్స్ వాళ్ళ రాగి గుండు వాడుతున్నాను. దుప్పి లోపల నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది. ఒకసారి అవతలి చర్మం కింద దొరికిన గుండును ఇదే త్రాసు మీద పెట్టాను, అసలు బరువులో దాదాపు అంతా అలాగే ఉంది.

దుకాణంలోనూ రాగి తూటాలు దొరుకుతాయి, మంచివే. 20 తూటాల పెట్టె ఇప్పుడు 50 డాలర్లకు పైమాటే. నేను చేసుకుంటే, గొట్టాలు మళ్ళీ మళ్ళీ వాడతాను కాబట్టి, ఒక్కోటి డాలరున్నర లోపే పడుతుంది. అయితే డబ్బు మిగులుతుందని మాత్రం ఇందులోకి దిగకండి. కిట్, డైలు, ట్రిమ్మరు (గొట్టం పొడవు కత్తిరించేది), కాలిపర్స్ (పొడవు కొలిచేది), రేంజి ఫీజు, అన్నీ కలిపి నేను పెట్టింది తిరిగి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. పైగా 2020 నుంచి రెండేళ్ళపాటు ప్రైమర్లే దొరకలేదు. అంతకుముందు కొనిపెట్టుకున్న వెయ్యి ప్రైమర్ల పెట్టెతోనే పొదుపుగా గడిపాను.

కిట్‌లో రానివి ముందే తెలుసుకోండి, లేకపోతే పెట్టె తెరిచిన రోజు ఒక్క తూటా కూడా చేయలేరు. డైలు రావు, మీ తూటా కొలతను బట్టి విడిగా కొనాలి. షెల్ హోల్డరూ (గొట్టం అడుగును పట్టుకునే ముక్క) అంతే. .308కు ఇదే కంపెనీ 3వ నంబరు సరిపోతుంది, .243కూ .30-06కూ కూడా అదే. కాలిపర్స్ తప్పనిసరి, ఇందులో బేరమాడకండి. .308 గొట్టం పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు. కాల్చినప్పుడల్లా ఇత్తడి కాస్త ముందుకు సాగుతుంది, దాటితే ట్రిమ్మరుతో 2.005కు తగ్గించాలి. తగ్గించాక అంచున లేచిన గరుకును లోపలా బయటా గీకి నున్నగా చేయాలి. ఆ గీకే పనిముట్టు కిట్‌లో ఉంది. ఆచారి తాత ఆకురాయి పట్టినట్టే రెండు చుట్లు చాలు, ఎక్కువ గీకితే మెడ అంచు కత్తిలా పలచనవుతుంది.

చేతిలో పట్టుకుని ప్రైమర్ నొక్కే పనిముట్టు బాగుంది. ప్రైమర్ కూర్చున్నది వేళ్ళకు తెలుస్తుంది. వదులుగా కూర్చుంటే ఆ గొట్టానికి వయసైపోయిందని అర్థం, పక్కన పారేస్తాను. ప్రైమర్లను వాటి అట్టపెట్టెలోనే ఉంచండి. సీసాలోనో డబ్బాలోనో పోసుకుంటే ఒకటి పేలితే అన్నీ పేలతాయి. వాటి మందులో సీసం ఉంటుంది. కాల్చిన గొట్టాలను పొడిగా దొర్లించి శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములోనూ ఉంటుంది. అందుకే నేను నీళ్ళలోనే కడుగుతాను. కళ్ళద్దాలు, చేతి తొడుగులు పెట్టుకుంటాను, బల్ల దగ్గర టీ కూడా తాగను. పని అయ్యాక మోచేతుల దాకా కడుక్కునేదాకా పిల్లలను దగ్గరికి రానివ్వను. అలమారా తాళంచెవి నా దగ్గరా మా ఆయన దగ్గరా తప్ప ఇంకెక్కడా ఉండదు.

సైజింగ్‌కు ముందు గొట్టానికి లూబ్ (డైలో జారడానికి రాసే జిడ్డు) రాయాలి. నేను మొదటి నెలలోనే దీంట్లో తప్పు చేశాను. ముప్పై గొట్టాలకు బాగానే రాసి, ముప్పై ఒకటోదానికి రాశాననుకుని డైలోకి తోశాను. సగంలో బిగుసుకుంది. బలం పెట్టి లాగితే అడుగు అంచు ఊడి వచ్చేసింది, ఇత్తడి మాత్రం డైలోనే ఉండిపోయింది. పక్కింటి పెద్దాయన వచ్చి, అడుగున రంధ్రం వేసి, మర తీసి, స్క్రూ బిగించి మెల్లగా బయటికి లాగాడు. డై బతికింది. అప్పటినుంచి లూబ్ రాసినవన్నీ ఎడమ ట్రేలోకి, రాయనివి కుడి ట్రేలోకి. చేతిలో ఉన్నది ఏ ట్రేదో అనుమానం వస్తే మళ్ళీ రాస్తాను. మరీ ఎక్కువైనా గొట్టం భుజం దగ్గర (మెడ మొదలయ్యే వాలులో) సొట్ట పడుతుంది, కానీ సొట్ట పడిన గొట్టం ఖరీదు డై ఖరీదు కాదు.

మందు పోశాక గుండు కూర్చోబెట్టే ముందు యాభై గొట్టాల చెక్కను టార్చిలైటు కింద పెట్టి ఒక్కొక్క నోట్లోకి తొంగి చూస్తాను. మందు మట్టం అన్నిటిలో ఒకేలా కనబడాలి. ఒక్కటి కిందకున్నా, పైకున్నా ఆ ఒక్కటీ త్రాసు మీదకు వెళ్తుంది. ఈ పని ఎన్నడూ వదిలేయలేదు.

ఫలితం చెప్తాను. అదే రైఫిల్, అదే స్కోప్, ఇసుక సంచి మీద ఆనించి వంద గజాలు. దుకాణం తూటాల్లో నాకు దొరికిన మంచి పెట్టె ఐదు తూటాల గుంపు 1.8 అంగుళాలు. నా తూటాలతో ఐదు గుంపులు కొట్టి సగటు తీస్తే 0.9 అంగుళం. అందులో కొంత నా వేలు కుదురుకోవడం వల్ల వచ్చిందే, ఏడాదికి రెండు వందలు కాలుస్తుంటే వేలూ నేర్చుకుంటుంది. దుప్పి గుండె, ఊపిరితిత్తుల చోటు ఎనిమిదంగుళాల పళ్ళెమంత ఉంటుంది. దానికి 1.8 అంగుళాలూ చాలు నిజానికి. ఆ 0.9 అంగుళంలో లేదు అసలు తేడా. ఆగస్టులో కొట్టిన గుంపు ఎక్కడ పడిందో జనవరిలోనూ అక్కడే పడుతుంది, పోయినేటి పెట్టె అయినా ఈ ఏటి పెట్టె అయినా. ట్రిగ్గర్ మీద వేలు పెట్టినప్పుడు తూటా గురించి ఆలోచించను. గాలి, దూరం, దుప్పి నిలబడ్డ తీరు, వెనక ఏముంది, వీటి గురించే ఆలోచిస్తాను. 150 గజాలు దాటితే వేయను. ఈ ఆరేళ్ళలో పదకొండు దుప్పులు తీసుకున్నాను. పది ఒక్క తూటాకే పడ్డాయి. మిగిలినదానికి రెండోది వెంటనే వేయాల్సి వచ్చింది, అదీ నలభై గజాల్లోపే.

ఎవరు కొనాలి? ఏడాదికి ఒక పెట్టె కాల్చేవాళ్ళకు వద్దు. ఒకే రకం తూటాలు నాలుగైదు పెట్టెలు, ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) కొనిపెట్టుకుంటే చాలు, నా పొరపాటు జరగదు. ఇంట్లో తాళం వేసే చోటు, కదలని బల్ల, ఎవరూ పిలవని మూడు గంటలు లేనివాళ్ళకూ వద్దు. తొందరగా అయిపోవాలనుకునేవాళ్ళకు అసలే వద్దు. ఒక రైఫిల్ ఉండి, దాంతోనే పదేళ్ళు వేటాడాలనుకునేవాళ్ళు, కొలతలంటే ఇష్టమున్నవాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. సెకండ్‌హ్యాండ్ ప్రెస్ దొరికినా పర్వాలేదు, పోత ఇనుము ఎక్కడికీ పోదు. సెకండ్‌హ్యాండ్ మందు డబ్బా మాత్రం ఎంత చవకైనా ముట్టుకోవద్దు, అందులో ఏముందో ఎవరికీ తెలియదు.

పోయిన నెల తెచ్చిన దుప్పి తొడను మొన్న ఆదివారం గోంగూర వేసి వండాను. మా అత్తగారు ఫోన్లో "మెత్తగా ఉడికిందా అమ్మాయ్?" అని అడిగారు. ఉడికింది. కొవ్వు తక్కువ కాబట్టి పొట్టేలు మాంసం కన్నా నూనె కాస్త ఎక్కువ పోయాలి.

ఈ శనివారం నలభై గొట్టాలున్నాయి, నాలుగోసారి వాడేవి. లూబ్ డబ్బా అడుగంటింది, శుక్రవారం డ్యూటీ దిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవాలి.